నొప్పి లేదు గదా

ఒంటి మీద లేచే ప్రతిదానికీ మా వైపు ఒక పేరుంది. గడపకి తల కొట్టుకుంటే లేచేది బొప్పి. ఎండాకాలం మామిడిపండ్లు ఎక్కువ తిన్న పిల్లలకి నెత్తిన లేచేది సెగగడ్డ. చీము పడితే కురుపు. మెడ మీద వేలాడితే పులిపిరి. పేరు చెప్తే చాలు, అది ఎట్లా వచ్చిందో, ఎన్నాళ్ళుంటుందో, దేనికి తగ్గుతుందో అందరికీ తెలిసిపోతుంది. బొప్పికి కొబ్బరినూనె రాసి అదిమితే సాయంత్రానికి అణుగుతుంది. సెగగడ్డకి సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తారు. ఇవేవీ కాకుండా, ఎప్పుడొచ్చిందో తెలియకుండా వచ్చి, ఏమీ అనకుండా కూర్చునేది ఇంకొకటుంది. దాన్ని కంతి అంటారు. కంతికి పట్టు లేదు, నూనె లేదు. ఒక ప్రశ్న మాత్రం ఉంది.

"నొప్పేమన్నా ఉండాదా?"

లేదు అంటే మాట అక్కడితో అయిపోతుంది. "అయితే ఉండనీలే, అదేం చేస్తుంది" అని ఎవరో ఒకరు అంటారు. అన్నవాళ్ళు మళ్ళీ చెనక్కాయలు ఒలుచుకోవడంలో పడతారు.

కలకడ మా నాయన వాళ్ళ ఊరు. రాయచోటి నుంచి పీలేరు పోయే వైపు, టమాటా, చెనక్కాయ, మామిడి పండే మెట్ట నేల. అక్కడ జబ్బును కొలిచే కొలబద్ద నొప్పి ఒక్కటే. పల్లెటూరి వాళ్ళు కాబట్టి అట్లా అనుకుంటారు అని తీసిపారేయడానికి లేదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో నా తోటివాళ్ళు తలకి షాంపూ పెట్టుకుంటుంటే వేళ్ళకి ఏదో తగులుతుంది. రాత్రి ఒంటిగంటకి ఫోన్‌లో వెతుకుతారు. ఏమని వెతుకుతారు? తల మీద నొప్పి లేని గడ్డ అని. ఆ 'నొప్పి లేని' అన్న మాట ఎవరూ అడక్కుండానే చేరుస్తారు. సగం ధైర్యం కోసం, సగం భయంతో. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదని ఎవరైనా చెప్తే బాగుండుననీ, నొప్పి లేదు కాబట్టి అదేనేమోననీ. రెండు వైపులా తూచేది నొప్పితోనే.

మా తాతకి నడినెత్తికి కాస్త వెనగ్గా ఒక కంతి ఉండేది. నాకు ఊహ తెలిసేసరికే ఉంది. ఆయన పోయినప్పుడూ ఉంది. రేగ్గాయంతగా మొదలై పెద్ద ఉసిరికాయంత అయిందని, దానికి ముప్పై ఏళ్ళు పట్టిందని అవ్వ చెప్పేది. తాత రెండు మూడేళ్ళకోసారి తిరుమలకి పోయి తలనీలాలు ఇచ్చే మనిషి. కల్యాణకట్టలో కత్తి పట్టుకున్నాయన ముందు కూర్చోగానే ఆయన చెప్పే మొదటి మాట ఒకటే. "నిదానంగా గీకప్పా, ఆడ కంతి ఉండాది." కత్తి దాని దగ్గరికి రాగానే నెమ్మదించేది, చుట్టూ తిరిగి పోయేది. కొండ దిగాక నున్నటి గుండు మీద అది ఇంకా పెద్దగా కనపడేది. పిల్లలం వంతులేసుకుని నొక్కి చూసేవాళ్ళం. తోలుతో పాటు అటూ ఇటూ కదిలేది. ఆయన నవ్వేవాడు. నొప్పి ఉంటే కదా.

ఇట్లాంటివాటిని కొవ్వుగడ్డలు అనడం అలవాటు. కానీ తల మీద వచ్చేవాటిలో చాలావాటిలో కొవ్వు ఉండదు. వెంట్రుక కుదురు గోడలోని కణాలు తోలు కింద చిన్న సంచిలాగా ఏర్పడతాయి. మామూలుగా బయటికి రాలిపోవాల్సిన కెరటిన్ ఆ సంచిలోనే పేరుకుంటుంది. మన గోళ్ళలో, వెంట్రుకల్లో ఉండేదే కెరటిన్. డాక్టర్లు దీన్ని పైలార్ సిస్ట్ అంటారు. ఇవి పదిలో తొమ్మిది తల మీదే వస్తాయి. నడివయసులో ఎక్కువ, ఆడవాళ్ళలో ఇంకొంచెం ఎక్కువ. ఒకటి ఉన్నవాళ్ళకి ఇంకో రెండు మూడు ఉండటం మామూలే. కొన్ని కుటుంబాల్లో ముక్కుతీరు దిగినట్టు ఇది తరతరాలుగా దిగుతుంది. అట్లాంటి ఇళ్ళలో అమ్మకో నాన్నకో ఉంటే ఒక్కో బిడ్డకి వచ్చే అవకాశం దాదాపు సగం. నిజంగా కొవ్వుతో చేసినవి వేరే ఉన్నాయి, వాటిని లైపోమా అంటారు. మెత్తగా, వేలికింద జారిపోతుంటాయి. పుర్రె ఎముకే ఒకచోట చిన్న గుండీలాగా పెరిగితే ఆస్టియోమా. అది రాయిలా గట్టిగా ఉంటుంది, కదలదు, ఏళ్ళ తరబడి అట్లనే ఉంటుంది. ఇవన్నీ ప్రాణానికి ఏమీ చెయ్యనివి. తల మీద గడ్డ అని చూపించుకునేవాళ్ళలో ఎక్కువమందికి ఉండేవి ఇవే.

కాబట్టి మా తాత విషయంలో ఊరు చెప్పిన తీర్పు సరైనదే. కానీ ఊరు చెప్పిన కారణం సరైనది కాదు. అది నొప్పి లేనందువల్ల మంచి గడ్డ కాలేదు. మంచి గడ్డ కావడానికి దాని కారణాలు దానికున్నాయి. నొప్పి లేకపోవడం పక్కన ఉన్న సంగతి, అంతే.

నొప్పి ఎప్పుడు పుడుతుంది? వాపు వచ్చి కణజాలం మండినప్పుడు. నరం నొక్కుకుపోయినప్పుడు. తోలు ఒక్కసారిగా సాగినప్పుడు. నెమ్మదిగా పెరిగేదానికి ఇవేవీ అవసరం లేదు. అది చుట్టూ ఉన్నవాటిని కొద్దికొద్దిగా జరుపుకుంటూ చోటు చేసుకుంటుంది. ఒంటికి అలవాటైపోతుంది. ప్రమాదం లేని సంచీ అట్లనే పెరుగుతుంది. ప్రమాదమున్న గడ్డలు కూడా చాలావరకు మొదట్లో అట్లనే పెరుగుతాయి. చీము పట్టిన సెగగడ్డ రాత్రంతా నిద్ర పోనివ్వదు, కానీ వారంలో మానిపోతుంది. నొప్పికీ ప్రమాదానికీ లెక్క కుదరదు.

ఈ లెక్కను బాగా అర్థం చేసుకున్న డాక్టరు ఒకాయన మాకు దగ్గర్లోనే పనిచేశాడు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1940ల చివర కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేయడం మొదలుపెట్టిన సర్జన్ పాల్ బ్రాండ్. కుష్ఠు వస్తే వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోతాయని అప్పట్లో అందరూ నమ్మేవాళ్ళు. వేళ్ళు పోతున్నది జబ్బు తినేయడం వల్ల కాదు, నొప్పి తెలియక కాలినా కోసుకున్నా పట్టించుకోకపోవడం వల్ల అని ఆయన చూపించాడు. నొప్పి లేకపోవడం వరం కాదు, అది కావలివాడు లేని ఇల్లు అన్నది ఆయన జీవితమంతా చెప్పిన సంగతి. నాకు దానికి ఇంకో మాట చేర్చాలనిపిస్తుంది. కావలివాడు ఉన్న ఇంట్లో కూడా అతను అన్ని తలుపుల దగ్గరా నిలబడడు.

విచిత్రం ఏంటంటే, నొప్పి లేకపోవడమే గుర్తు అని మా పల్లెలకి ఒకసారి నేర్పారు. 1983లో జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం వచ్చాక బడి గోడల మీద, ఆసుపత్రి గోడల మీద రాసేవాళ్ళు. స్పర్శ తెలియని మచ్చ ఉంటే వచ్చి చూపించుకోండి అని. నాకు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చిన కొత్తలో చదివిన గోడరాతల్లో అదొకటి. మచ్చ విషయంలో ఆ పాఠం ఒంటబట్టింది. ఎవరి చేతి మీదైనా తెల్లమచ్చ కనపడితే మా అవ్వ గిల్లి చూసేది. కానీ ఆ పాఠం మచ్చ దగ్గరే ఆగిపోయింది. కంతి దాకా రాలేదు.

మా నాయన అక్క, మా అత్త, టమాటా కోతలకి పోయేది. కోసిన కాయలు బాక్సుల్లో నింపి, తల మీద చుట్టకుదురు పెట్టుకుని, గట్టు మీద ఆటో దాకా మోసుకొస్తారు. 2018 ఎండాకాలంలో ఒకరోజు బాక్సు సరిగ్గా కూర్చోలేదు. ఒక పక్కకి ఒరిగింది. చుట్టకుదురు సర్దుకుంది. మళ్ళీ ఒరిగింది. అప్పుడు తల తడిమి చూసుకుంటే చెవికి పైన, కాస్త వెనగ్గా చింతగింజంత ఎత్తు తగిలింది. "నాయన కంతి నాకొచ్చినట్టుండాది" అని నవ్వింది. అందరూ నవ్వారు. తాత పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆయన గుర్తుగా ఆస్తి ఏమీ మిగల్లేదు కాబట్టి కంతి మిగిలింది అన్నారు. ఆ రోజు నుంచి ఆమె చుట్టకుదురుని కొంచెం పక్కకి జరిపి పెట్టుకోవడం మొదలుపెట్టింది.

అత్త కొడుకు, మా బావ, కువైట్‌లో డ్రైవరు. పీలేరు, రాయచోటి వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉంటారంటే పెద్ద అబద్ధం కాదు. శుక్రవారం పూట వీడియో కాల్ చేస్తాడు. వదిన చెప్పిందేమో, ఒక శుక్రవారం అడిగాడు.

"ఏందిమా, తల మీద గడ్డ అంట?"

"తాతది వచ్చిందిరా. ఏం కాదులే."

"నొప్పుందా?"

"లేదురా."

"సరే మరి. నొప్పొస్తే చెప్పు."

అంత దూరం నుంచి ఇంకేం అడగగలడు? తల మీద చెయ్యి వేసి చూడలేడు. ఫోన్‌లో అడగడానికి వీలయ్యే ప్రశ్న నొప్పి ఒక్కటే. వలస పోయిన పిల్లలందరూ ముసలి తల్లిదండ్రులని అడిగేది అదే. వాళ్ళు చెప్పే జవాబూ అదే, నిజమైనా కాకపోయినా. మా అత్త విషయంలో అది నిజమే. నొప్పి లేదు.

కానీ నాలుగు నెలల్లో చింతగింజ కాస్తా నిమ్మకాయంత అయింది. తాతకి ముప్పై ఏళ్ళు పట్టినదాన్ని దాటిపోయింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒకాయన అది కొవ్వుగడ్డేననీ, ఐదువందలిస్తే ఆదివారం కోసేస్తాననీ అన్నాడు. అత్త పోలేదు. జాగ్రత్త కోసం కాదు, ఆదివారం కోత ఉంది.

చివరికి చూపించుకున్నది కూడా దాని కోసం కాదు. బీపీ మాత్రలకని మండలంలోని ప్రభుత్వ ఆసుపత్రికి పోయింది. నేను ఆ వారం ఊళ్ళో ఉండి తోడు పోయాను. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, ఇరవై ఆరేళ్ళుంటాయేమో. బీపీ చూసేటప్పుడు అత్త కొంగు జారింది, పక్కపాపిట ఎత్తుగా కనపడింది. డాక్టరమ్మ అడిగినవాటిలో నొప్పి గురించిన ప్రశ్న లేదు. ఎప్పుడు చూసుకున్నారు? అప్పుడు ఎంతుంది, ఇప్పుడెంత? దెబ్బ తగిలిందా? తర్వాత రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. పైన తోలు జరుగుతోంది, గడ్డ మాత్రం జరగడం లేదు. తాత కంతి తోలుతో పాటు కదిలేది, ఇది ఎముకని అంటుకుని ఉంది. అరచెయ్యి ఆనించి కాసేపు అట్లనే పెట్టుకుంది. లోపల సన్నగా నాడి కొట్టుకుంటున్నట్టు ఉందంది. ఆ తర్వాత నేనసలు ఊహించని పని చేసింది. వెనక్కి పోయి నిలబడి, అత్త మెడ తడిమింది. "గుటక వెయ్యండి" అంది.

మెడలో కుడిపక్క ఒక ఎత్తు ఉంది. అది ఎన్నేళ్ళుగా ఉందో అత్తకే తెలియదు. నల్లపూసల కింద, పైట కింద పడి ఉంది. దానికీ నొప్పి లేదు.

ఆ తర్వాత మూడు వారాలు బస్సులు, చీటీలు, క్యూలు. స్కానింగులో తల గడ్డ కింద పుర్రె ఎముక కొంతమేర తినేసి ఉంది. గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూస్తే అవి తలలో ఉండాల్సిన కణాలు కావు, థైరాయిడ్ గ్రంథి కణాలు. మెడలో ఉండాల్సినవి రక్తంలో కొట్టుకొచ్చి పుర్రెలో కాపురం పెట్టాయి. థైరాయిడ్ క్యాన్సర్లలో ఫాలిక్యులర్ అనే రకం ఇట్లా ఎముకలకి పాకుతుంది. కొందరిలో మెడ సంగతి బయటపడక ముందే తల మీద గడ్డగా కనపడుతుంది. అరుదే. కానీ అరుదైనది కూడా ఎవరో ఒకరికి రావాల్సిందే కదా.

క్యాన్సర్ అన్న మాట కంటే అత్తని ఎక్కువ భయపెట్టిన మాట ఇంకొకటుంది. "గుండు కొట్టేస్తారా?" అని నన్ను పక్కకి పిలిచి అడిగింది. తిరుమలలో ఎన్నిసార్లో ఇష్టంగా ఇచ్చిన జుట్టే. అది మొక్కు. ఆసుపత్రిలో తీస్తే అది వేరే. మామ బతికుండగా తన తల బోడి కావడం ఆమె ఊహించుకోలేకపోయింది. పరీక్షలకి సూది పెట్టిన చోట కొంచెం వెంట్రుకలు కత్తిరించారు, అంతే. తల మీద గడ్డని చూపించుకోకపోవడం వెనక ఇట్లాంటి భయాలు కూడా ఉంటాయి. ఎవరికీ చెప్పుకోరు. నొప్పి లేదు గదా అంటారు.

మెడకి ఆపరేషన్ చేసి థైరాయిడ్ మొత్తం తీసేశారు. ఆ తర్వాత రేడియో అయోడిన్. ఈ వైద్యం వెనకున్న ఆలోచన నాకు చాలా నచ్చింది. థైరాయిడ్ కణాలకి అయోడిన్ అంటే ఆకలి. ఒంట్లో ఎక్కడున్నా, పుర్రెలో దాక్కున్నా, రక్తంలో అయోడిన్ కనపడితే లాక్కుంటాయి. కాబట్టి రేడియోధార్మిక అయోడిన్ ఇస్తే అవే తిని అవే చస్తాయి. 1940ల నుంచీ వాడుతున్నారు. దానికి ముందు కొన్నాళ్ళు అయోడిన్ ఉప్పు మానేయాలి, కణాలని ఆకలితో ఉంచడానికి. మందు తీసుకున్నాక ఒంట్లోంచి కిరణాలు వస్తాయి కాబట్టి కొన్నిరోజులు ఒంటరి గదిలో ఉంచుతారు. ఎవరూ లోపలికి పోకూడదు. పుట్టినప్పటి నుంచి ఒక్క రాత్రి కూడా ఒంటరిగా పడుకోని మనిషి, ఆ గదిలో టీవీ చూస్తూ మూడు రోజులుంది. ఖర్చు చాలావరకు ఆరోగ్యశ్రీ కింద పోయింది. 2007లో ఆ పథకం రాకముందు ఇట్లాంటి జబ్బు వస్తే మా ఇళ్ళలో పొలం పోయేది, లేకపోతే మనిషి పోయేది.

అత్త ఉంది. తల మీద ఎత్తు బాగా తగ్గింది. పూర్తిగా నయమైంది అని ఏ డాక్టరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆరు నెలలకోసారి రక్తపరీక్ష. పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర, బతికినన్నాళ్ళూ. బాక్సులు మోయడం మానేసింది, గ్రేడింగు దగ్గర కూర్చుంటుంది.

ఇదంతా చెప్పింది, తల మీద గడ్డ కనపడితే గుండె జారిపోవాలని కాదు. నూటికి తొంభై మందికి పైగా మా తాత లెక్కలోకే వస్తారు. కానీ తాత లెక్కా అత్త లెక్కా ఒకటి కాదని తేల్చుకోవడానికి నొప్పి పనికిరాలేదు. పనికొచ్చినవి వేరే ప్రశ్నలు. ఎన్నాళ్ళుగా ఉంది, ఎంత తొందరగా పెరుగుతోంది, కదులుతోందా, పైన తోలు ఎట్లా ఉంది. వీటికి జవాబులు ఎవరికి వాళ్ళు అద్దం ముందు నిలబడి చెప్పుకోవచ్చు.

కొత్తగా కనపడిన గడ్డ రెండు వారాలు దాటినా పోకపోతే ఒకసారి చూపించుకోమని బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ చెప్తుంది. మనకీ అది మంచి లెక్కే. దెబ్బ వల్ల లేచిన బొప్పి అయితే అప్పటికి అణిగిపోవాలి. వారాల్లో, నెలల్లో పెరుగుతున్నది, గట్టిగా ఉండి ఎముకకి అంటుకున్నది, ఐదు సెంటీమీటర్లు దాటినది, లోపల నాడి కొట్టుకుంటున్నట్టున్నది, ఒకసారి తీశాక మళ్ళీ వచ్చినది ఉంటే ఆదివారం దాకా ఆగొద్దు. పైన తోలు పుండై మానకుండా, రక్తం కారి పొక్కు కట్టి మళ్ళీ కారుతుంటే, లేదా పుట్టుమచ్చలాంటిది రంగు మారి పెరుగుతుంటే, అప్పుడూ అంతే. బట్టతల మీద ఎండ పడుతూ తిరిగిన పెద్దవాళ్ళలో మానని పుండుని దువ్వెన గీరుకుందని వదిలేస్తుంటారు. ముసలివాళ్ళ తల మీద కమిలినట్టు ఊదారంగు మచ్చ లేచి పాకుతుంటే అది కూడా తొందరగా చూపించాల్సినదే. గడ్డతో పాటు మెడలో బిళ్ళలు, బరువు తగ్గడం, విడవని జ్వరం ఉంటే ఒక్క గడ్డనే చూసి సరిపెట్టుకోకూడదు.

పిల్లల లెక్క వేరు. పుట్టినప్పటి నుంచీ కనుబొమ్మ చివరో, ముక్కు మొదట్లోనో, నడినెత్తినో ఉన్న చిన్న గడ్డ డెర్మాయిడ్ కావచ్చు. నడిమధ్య ఉన్నవాటిలో కొన్నిటికి లోపలికి దారి ఉంటుంది. అందుకే కోసేముందు స్కానింగు చెయ్యాలి. తల వెనక, చెవి వెనక గింజల్లాగా తగిలేవి చాలాసార్లు పేలు, పుండ్ల వల్ల ఉబ్బిన బిళ్ళలు. పేలు పోతే అవీ తగ్గుతాయి. తగ్గకుండా పెరిగితే చూపించాలి. ఇక తలకి దెబ్బ తగిలి గడ్డ లేచిన మనిషి వాంతులు చేసుకుంటున్నా, మత్తుగా ఉన్నా, మాట తడబడుతున్నా రెండు వారాల లెక్క వర్తించదు. ఆ గంటే 108కి ఫోన్ చెయ్యాలి.

చెయ్యకూడనివి తక్కువే. పిండకూడదు, సూదితో గుచ్చకూడదు, సున్నం పెట్టి కాల్చకూడదు. బ్లేడుతో కోసేవాళ్ళ దగ్గర కూర్చోకూడదు. మామూలు పైలార్ సిస్టే అయినా సంచి మొత్తం రాకపోతే మళ్ళీ పెరుగుతుంది, చీము పడుతుంది. మా అత్త తలలో ఉన్నలాంటిదాన్ని ఆదివారం పూట అరుగు మీద కోసి ఉంటే ఆగని రక్తం కారేది. థైరాయిడ్ గడ్డలు రక్తంతో నిండి ఉంటాయి. ఆ రోజు టమాటా కోత ఉండటం మా అదృష్టం.

నొప్పే కొలబద్ద ఎందుకైందో ఆలోచిస్తే నాకు అజ్ఞానం కంటే ఎక్కువగా కూలి లెక్క కనపడుతుంది. ఆసుపత్రికి పోవడమంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీ, తోడొచ్చే మనిషి కూలి. ఇంతా పెట్టి పోయాక డాక్టరు "ఏమీ లేదు పో" అంటే ఇంట్లో జవాబు చెప్పుకోవాలి. నొప్పి ఉంటే జవాబు ఉంటుంది. పనికి పోలేకపోయాను అని చెప్పొచ్చు. పని చేసుకోగలిగిన మనిషికి జబ్బు ఉందని ఎవరు ఒప్పుకుంటారు? ముఖ్యంగా ఆడవాళ్ళు తమకి తామే ఒప్పుకోరు. నగరంలో మనం కూలి బదులు లీవు అంటాం, మీటింగ్ అంటాం. లెక్క అదే.

ఒకప్పుడు ఈ లెక్కకి అవతల కొన్ని చేతులు పనిచేసేవి. మధ్యాహ్నం పూట అరుగు మీద ఒకరి వెనక ఒకరు కూర్చుని పేలు చూసుకునేవాళ్ళు. అవ్వ వేళ్ళు నా తలంతా పాయలు పాయలుగా తిరిగేవి. ఏ చోట ఏముందో ఆమెకి తెలుసు. నెలకోసారి ఊరి మంగలికి మగవాళ్ళ తలలన్నీ తెలుసు. ఇప్పుడు పేలకి షాంపూ ఉంది. అది మంచిదే. కానీ ఒక మనిషి తలని ఇంకో మనిషి వేళ్ళతో చూసే సందర్భం పోయింది. సెలూన్‌లో జుట్టు కత్తిరించే అబ్బాయికి ఏదైనా తగిలినా చెప్పడానికి మొహమాటపడతాడు. చెప్పమని అడిగితే చెప్తాడు. మా కాలనీలో ఒకాయన తన మెడ వెనక పుట్టుమచ్చ మారిందని సెలూన్ అబ్బాయి చెప్తేనే డాక్టరు దగ్గరికి పోయాడు.

అత్త సంగతి తెలిశాక మా ఇంట్లో అందరి తలలూ తడుముకున్నాం. చిన్నాయనకి ఒకటి, నాకొకటి బయటపడ్డాయి. నాది ఎడమచెవికి నాలుగు వేళ్ళ పైన, బఠాణీ గింజంత. చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి పోయాను. ఆమె చూడటానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అడిగింది, నొక్కింది, కదిపింది, మెడ తడిమింది, చిన్న స్కేలు పెట్టి కొలిచింది. ఎనిమిది మిల్లీమీటర్లు. పైలార్ సిస్ట్, తాత ముత్తాతల నుంచి వచ్చినట్టుంది అంది.

"తీసేస్తారా?" అన్నాను.

"ఎందుకు? మీకు అడ్డంగా ఉంటే తీస్తా. లేకపోతే ఉండనివ్వండి. పెరిగితే రండి."

చూపించుకోవడం అంటే కోయించుకోవడం అనుకుని భయపడేవాళ్ళకి ఇది చెప్పాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. ఎక్కువసార్లు డాక్టరు చేసేది చూడటం, కొలవడం, కాగితం మీద తేదీ వెయ్యడం. తాత కంతినీ మా ఊరు "ఉండనీలే" అనే అంది. డాక్టరు కూడా అదే అంది. కానీ ఈ రెండోది కొలిచి చెప్పిన మాట. దాని వెనక తేదీ ఉంది, అంకె ఉంది, మళ్ళీ ఎప్పుడు రావాలో ఉంది.

మొన్న సంక్రాంతికి ఊరికి పోతే గ్రేడింగు షెడ్డు దగ్గర అత్త పక్కన ఒకామె తల తడుముకుంటూ, "నాకూ ఏదో కంతి మాదిరి ఉండాదక్కా, నొప్పేం లేదులే" అంటోంది. అత్త చేతిలో కాయ పక్కన పెట్టింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంది. "నొప్పి సంగతి నేనడగల్యా" అంది. "ఇట్ల తిరుగు, చూస్తా. ఎన్నాళ్ళాయె వచ్చి?"